వరిలో లింగాకర్షక బుట్ట: పెట్టడం నుంచి లెక్క దాకా

[తెరపై: వంశధార ఆయకట్టులో ఉభాలైన, అంటే నాట్లు పడ్డ మడి. ఎండిన మొవ్వును రెండు వేళ్లతో లాగితే ఊడి వస్తుంది.]

లాగగానే ఇలా ఊడి వచ్చిందా? లోపల కాండం తొలిచే పురుగు ఉన్నట్టే. పిలక దశలో మొవ్వు చస్తుంది, ఈనే దశలో తెల్లకంకి వస్తుంది. పురుగు కాండంలో దూరాక మందు దానికి అందడం కష్టం. అందుకే గుడ్లు పెట్టకముందు, రెక్కల పురుగు ఎగిరేటప్పుడే పసిగట్టాలి. లింగాకర్షక బుట్ట ఉన్నది అందుకే.

[దగ్గరగా: తెల్లకాగితం మీద రెండు రెక్కల పురుగులు]

ఆడదాని రెక్కలు ఎండుగడ్డి రంగు, ముందు రెక్క ఒక్కోదాని మీద ఒక నల్లచుక్క. మగది చిన్నది, లేత గోధుమరంగు. ఎరలో ఉండేది ఆడపురుగు వాసన కనక బుట్టలో మగవే పడతాయి. నల్లచుక్కది పడలేదు కదా అని చేలో ఆడవి లేవనుకోకండి.

[బల్ల మీద విడిభాగాలు]

పైన మూత, మూత కింద ఎర పెట్టే గూడు, ఆ కింద గరాటు, దానికి వేలాడే పొడవాటి ప్లాస్టిక్ సంచి. సంచి అడుగున రబ్బరు బ్యాండు బిగించండి. అది లేకపోతే పడ్డవన్నీ కిందినుంచి పోయి, లెక్క సున్నా వస్తుంది.

ఎర ప్యాకెట్ మీద పురుగు పేరు చదివి తీసుకోండి. చీపురుపల్లి వైపు మొక్కజొన్నలో పెట్టే కత్తెర పురుగు ఎర వరిలో పనిచేయదు. పొగాకు, సబ్బు, మందు అంటిన చేత్తో ఎరను ముట్టుకోవద్దు. ప్యాకెట్ కవరుతోనే పట్టుకుని గూట్లోకి నొక్కండి.

[మడిలో కర్ర పాతుతూ]

ఉభాలైన 10–15 రోజులకు, నిఘా కోసం ఎకరాకు 3 బుట్టలు. మగవాటిని గుంపుగా పట్టాలంటే 8. మూడు పెట్టి పురుగు తగ్గుతుందని చూస్తే తగ్గదు, మిగిలిన ఒక్కో మగది ఎన్నో ఆడవాటితో కలుస్తుంది. ఎనిమిది పెట్టినా పక్క మళ్ల రైతులూ పెడితేనే మంచి ఫలితం, లేకపోతే కలిసిన ఆడవి అటునుంచి ఎగిరొచ్చి గుడ్లు పెడతాయి.

ఆరడుగుల వెదురు కర్ర తీసుకోండి. బుట్ట పైరు కొనకు అడుగు పైన ఉండాలి, పైరు పెరిగేకొద్దీ దాన్నీ పైకి జరపాలి. ఎక్కువమంది వదిలేసేది ఇదే. ఆకుల్లో మునిగిన బుట్ట నుంచి వాసన దూరం పోదు. గార వైపు సముద్రపు గాలికి సంచి మెలిపడుతుంది, దాని కొసను పురికొసతో కర్రకు వదులుగా కట్టండి.

[పొద్దున్నే సంచి విప్పి, కాగితం మీద దులుపుతూ]

వారానికోసారి, అదే రోజు లెక్కపెట్టి పుస్తకంలో రాయండి. చచ్చినవి సంచిలోనే ఉంటే కుళ్లుతాయి, చీమలు లాక్కుపోతాయి, లెక్క తప్పుతుంది.

వారంలో బుట్టకు 25–30 పడితే మడిలోకి దిగి ఆకు కొసలు చూడండి. గోధుమరంగు నూగు కప్పిన గుడ్ల ముద్ద చదరపు మీటరుకు ఒకటి కనిపించినా ఆలస్యం వద్దు, వారంలో పొదుగుతాయి. పిలక దశలో క్లోరాంట్రానిలిప్రోల్ 0.4 శాతం గుళికలు ఎకరాకు 4 కిలోలు, లేదా కార్టాప్ హైడ్రోక్లోరైడ్ 4 శాతం గుళికలు 8 కిలోలు, పలుచగా నీరు కట్టి చల్లండి. ఆ నీరు పక్క మడిలోకి పోనీయకండి.

[మూత మీద మార్కరుతో తేదీ రాస్తూ]

ఎర 3–4 వారాలకు మార్చాలి, తేదీ ఇలా రాసుకుంటే మరవరు. పాతది గట్టు మీద పడేయకండి. ఇంకా వాసన ఉంటుంది, మగపురుగులు బుట్ట వదిలి అటు పోతాయి. చేనికి దూరంగా పాతిపెట్టండి.