మునిగినా బతికే స్వర్ణ

శ్రోతలకు నమస్కారం.

సుస్థిర అభివృద్ధి అనే మాట ఈమధ్య ప్రతి సభలోనూ వినిపిస్తోంది. విశ్వవిద్యాలయాల్లో జరిగే పరిశోధన దానికి ఎలా తోడ్పడుతుందో చెప్పడానికి మన వరిచేను చాలు.

పశ్చిమ గోదావరి జిల్లా మార్టేరులో వ్యవసాయ విశ్వవిద్యాలయం వారి వరి పరిశోధన కేంద్రం ఉంది. 1982లో అక్కడి నుంచి ఎంటీయూ 7029 అనే రకం వచ్చింది. అదే స్వర్ణ. ఎరువు కాస్త తగ్గినా మంచి దిగుబడి ఇస్తుంది కాబట్టి గోదావరి జిల్లాల సార్వా నుంచి ఒడిశా, బెంగాల్, బంగ్లాదేశ్ దాకా పాకింది. అయితే దానికీ ముంపు గండం తప్పలేదు.

చేను నిండా మునిగితే మామూలు వరి ఏం చేస్తుందో చూడండి. గాలి అందక, నీటిపైకి తేలాలని ఆకుల్నీ కాడనూ గబగబా సాగదీస్తుంది. ఒంట్లో దాచుకున్న పిండిపదార్థమంతా ఆ ఆరాటానికే ఖర్చయిపోతుంది. నీరు తీశాక నిలబడే సత్తువ ఉండదు. పాలిపోయి, బురదలో వాలి కుళ్ళిపోతుంది. పెట్టుబడి పోయి రైతు మళ్ళీ నారు కోసం పరుగెత్తాలి.

దీనికి విరుగుడు ఒడిశా రైతులు తరతరాలుగా కాపాడుకున్న ధలాపుటియా అనే నాటురకంలో దొరికింది. దాని నుంచి ఎంపిక చేసి వేరుచేసిన రకమే ఎఫ్ఆర్ 13ఏ. మునిగితే అది ఎదుగుదల ఆపేసి, శక్తిని దాచుకుని, ఓపిగ్గా ఉంటుంది. ఆ గుణానికి మూలం ఎక్కడుందో అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ ప్రాంగణంలోని శాస్త్రవేత్తలు 1990లలో గుర్తించారు. సబ్1ఏ అనే ఆ జన్యువు వివరాలు 2006లో ప్రచురించారు. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ సంకరపరుస్తూ, ప్రతి తరంలోనూ జన్యు పరీక్షతో మొక్కల్ని ఏరుతూ, దాన్ని మన స్వర్ణలోకి తెచ్చింది. 2009లో స్వర్ణ సబ్1 మన దేశంలో విడుదలైంది. దాదాపు రెండు వారాలు మునిగినా మళ్ళీ పిలకలు వేస్తుంది. ముంపు రాని ఏడాది పాత స్వర్ణకు ఏమాత్రం తీసిపోదు. అన్నిటికంటే నాకు నచ్చింది, ఇది ఏటా కొత్త విత్తనం కొనాల్సిన హైబ్రిడ్ కాదు. రైతు తన పంటలోంచే విత్తనం దాచుకోవచ్చు.

ఒడిశా గ్రామాల్లో జరిగిన ఒక అధ్యయనం గురించి తప్పక చెప్పాలి. చేను పది రోజులు మునిగితే పాత స్వర్ణ కంటే దీని దిగుబడి సుమారు 45 శాతం ఎక్కువని అందులో తేలింది. పైగా ముంపుకు గురయ్యే పల్లపు భూములు ఎక్కువగా దళితులు, వెనుకబడిన వర్గాల వారి చేతుల్లో ఉన్నాయి. అంటే ఈ విత్తనం మేలు ముందుగా వాళ్ళకే అందుతుంది. అభివృద్ధి అన్న మాటకు నేను ఒప్పుకునే అర్థం ఇదే.

సమస్య అంతటితో తీరిపోలేదు. పూత దశలో ముంచెత్తే వరదకు సబ్1 పనిచేయదు. వెదజల్లిన గింజ మొలకెత్తకముందే నీరు నిలిచినా, నెలల తరబడి చేలో నీళ్ళు తీయకపోయినా ఇది ఆదుకోదు. వీటికి వేరే జన్యువులు వెతకాలి, వేరే రకాలు తయారుచేయాలి. ఒక్కో రకానికి పదేళ్ళు, ఇరవయ్యేళ్ళు పడుతుంది. అన్నాళ్ళూ మార్టేరు లాంటి కేంద్రాల్లో పొలంలో దిగి పనిచేసే శాస్త్రవేత్తలు, సిబ్బంది ఉండాలి. నాటురకాల విత్తనాలు చెడకుండా భద్రపరిచే గదులు ఉండాలి. వాటికి ఏటా బడ్జెట్‌లో డబ్బు పెట్టమని ప్రభుత్వాలను గట్టిగా అడగాలి.

నమస్కారం.