కాలర్ వెనక పేరు

అందరికీ నమస్కారం. మన తెలుగు బడి పిల్లలకి సేవ గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. న్యూజెర్సీలో మన ఎడిసన్‌ని ఆనుకునే ఉన్న హైలాండ్ పార్క్‌లో మీ వయసు పిల్లలే చేస్తున్న ఒక పని చెబుతాను.

అక్కడ యూదు కుటుంబాలు చాలా ఉన్నాయి. శనివారం పొద్దున అటు వెళ్తే ఇంటిల్లిపాదీ సినగాగ్‌కి, అంటే వాళ్ల ప్రార్థనా మందిరానికి, నడిచి వెళ్తూ కనిపిస్తారు. శనివారం వాళ్లకి షబ్బాత్, విశ్రాంతి రోజు. ఆ రోజు వాళ్లు కారు తీయరు. నాకు తెలిసిన ఇంట్లో పదిహేనేళ్ల అమ్మాయి, ఇద్దరు స్నేహితురాళ్లని కలుపుకుని, బేస్‌మెంట్‌లో బట్టల గెమాఖ్, అంటే కావాల్సినవాళ్లకి బట్టలు ఊరికే ఇచ్చే చోటు, మొదలుపెట్టింది. ‘గెమిలుత్ హసాదిమ్’ అనే హీబ్రూ మాటలకి పొట్టి పేరు గెమాఖ్. దయతో చేసే పనులని అర్థం. మొదట్లో వడ్డీ లేకుండా అప్పిచ్చే నిధిని అలా పిలిచేవారు. ఇప్పుడు పెళ్లి గౌన్లకీ, మడత కుర్చీలకీ, అర్ధరాత్రి అవసరపడే మందులకీ గెమాఖ్‌లున్నాయి. చాలావరకు ఎవరో ఒకరి ఇంట్లోనే నడుస్తాయి.

ఆచారం గట్టిగా పాటించే ఇళ్లలో ఆడపిల్లలకి మోచేయి దాటిన చేతులు, మోకాలు దాటిన స్కర్టు ఉండాలి. అలాంటివి మామూలు షాపుల్లో సులువుగా దొరకవు. షబ్బాత్‌కీ పండగలకీ మంచి బట్టలు వేరే కావాలి. ఇంట్లో నలుగురైదుగురు పిల్లలుంటే, ఏడాదికో సైజు పెరుగుతుంటే ఖర్చెంతవుతుందో ఇక్కడున్న తల్లులకి నేను చెప్పక్కర్లేదు.

నేను వెళ్లినరోజు ఆ అమ్మాయి మెట్లమీద కూర్చుని, చిన్న కత్తెరతో ఒక చొక్కా కాలర్ వెనక కుట్లు విప్పుతోంది. సమ్మర్ క్యాంపుకి పంపేటప్పుడు బట్టలమీద పేరు కుట్టి పంపుతారు కదా, ఆ పేరు పట్టీ. ఒక్కో కుట్టూ లాగి, గుడ్డ చిరగకుండా తీసి, మిగిలిన దారప్పోగుల్ని కూడా గోటితో ఏరేస్తోంది. ఎందుకమ్మా అంత శ్రమ అంటే, వేసుకున్న పిల్ల మెడ వెనక ఇంకొకరి పేరు ఉండకూడదు అంది.

నాకు గొంతు పట్టేసింది. ఆరో తరగతిలో నేను వేసుకెళ్లిన పూల గౌను చూసి ఒకమ్మాయి, క్లాసు మొత్తం వినేలా, “అది నాదే, మా అమ్మ ఇచ్చేసింది” అంది. గౌను బాగానే ఉంది. మళ్లీ దాన్ని ముట్టుకోలేదు నేను. అమ్మకి బిగుతైందని అబద్ధం చెప్పాను.

ఈ సిగ్గు గురించి వాళ్ల మిష్నాలో, అంటే సుమారు 1800 ఏళ్ల కిందట కూర్చిన ధర్మ సంకలనంలో, ఒక మాట ఉంది. ఏడాదికి రెండు రోజులు యెరూషలేము అమ్మాయిలు తెల్లబట్టలు కట్టుకుని ద్రాక్షతోటల్లో నాట్యమాడేవారు. ఆ బట్టలు అందరివీ అరువువే! లేనిపిల్ల చిన్నబోకూడదని అలా పెట్టారు. రాజు కూతురు ప్రధాన యాజకుడి కూతురి దగ్గర అడిగి తెచ్చుకునేదని, మిష్నాకి వివరణలతో కూర్చిన తల్ముద్ చెబుతుంది. ప్రధాన యాజకుడి కూతురు ఆయన కింది యాజకుడి కూతుర్ని అడిగేది. ఉన్నమ్మాయి కూడా అడగాల్సిందే. ఎంత ఆలోచన చూడండి! దానం పేదలకే చేస్తాం, గెమిలుత్ హసాదిమ్ పేదలకీ ధనికులకీ కూడా అని అదే తల్ముద్‌లో ఇంకోచోట ఉంటుంది.

ఈ పిల్లలూ అదే పట్టుకున్నారు. ఎవరు తెచ్చారో, ఎవరు పట్టుకెళ్లారో రాసుకోరు. తెస్తేనే తీసుకోవాలని కూడా లేదు. జేబులన్నీ తిరగేసి చూస్తారు. పస్కా పండగ ముందైతే మరీను. ఆ పండగకి ఇంట్లో పులిసిన పిండివంట ఏదీ ఉండకూడదు, జేబులో బిస్కెట్ పొడి ఉన్నా పులిసినదాని కిందే లెక్క. మగవాళ్ల కోట్లు విడిగా పెడతారు. ఉన్ని, నార కలిపి నేసిన బట్ట వేసుకోవద్దని ద్వితీయోపదేశకాండం 22వ అధ్యాయంలో ఉంది. ఉన్ని కోటు కాలర్ లోపల గట్టితనానికి వేసే గుడ్డలో నార ఉండొచ్చు. అది పైకి కనిపించదు కాబట్టి, తెలిసినవాళ్లకి పంపి పరీక్ష చేయించాకే హ్యాంగర్‌కి తగిలిస్తారు.

అన్నట్టు, మన తెలుగువాళ్లలోనూ షబ్బాత్ పాటించేవాళ్లున్నారు. గుంటూరు దగ్గర చేబ్రోలు పక్కన కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిం అనే చిన్న సమాజం ఉంది. ఇంట్లో తెలుగే మాట్లాడతారు.

మన పిల్లల పట్టు లంగాలు, హాఫ్ శారీ ఫంక్షన్‌కి కుట్టించినవి, ఒక్కసారి కట్టి బీరువాలో పెట్టినవి ఎన్నున్నాయో మీకు తెలుసు. పాత బట్టలు ఇస్తే ఎదుటివాళ్లు ఏమనుకుంటారో అని మనకి టెన్షన్, తీసుకోవాలంటే వాళ్లకి ఇంకా టెన్షన్. ఆ ముగ్గురు పిల్లలు దీనికి దారి కనిపెట్టారని నేను నిజంగా నమ్ముతున్నాను.

పస్కా ముందు ఆదివారం మళ్లీ వెళ్లాను. మెట్లమీద రద్దీ. ఒకావిడ రెండు పెద్ద సంచులతో లోపలికి దిగింది. అరగంటకి రెండు పెద్ద సంచులతోనే పైకి వచ్చింది. తెచ్చినవే తిరిగి పట్టుకెళ్తోందో, కొత్తవి ఏరుకుందో నాకు తెలియలేదు. తలుపు దగ్గర నిలబడ్డ అమ్మాయి అటు చూడను కూడా లేదు, తర్వాతి చొక్కా కాలర్ తిప్పి కత్తెర అందుకుంది.