ఎండిన కాడను పారేయకండి

అందరికీ నమస్కారం. వేదిక మీదున్న పెద్దలకు, ఈ సభ ఏర్పాటు చేసిన మిత్రులకు, కుర్చీలు చాలక వెనక గోడకు ఆనుకుని నిలబడ్డవాళ్లకు కూడా. నాకిచ్చిన విషయం ‘రీడ్ స్టెమ్ ఎపిడెండ్రమ్: కుండీ, మిశ్రమం’. అంటే సన్నటి కాడలుండే ఒక ఆర్కిడ్‌ను ఏ కుండీలో, ఏ మిశ్రమంలో నాటాలన్న సంగతి. ఆ రెండూ తప్పకుండా చెబుతాను. దానికి ముందు ఒక్కసారి నా చేతిలో ఉన్న ఈ కాడను చూడండి. వెనకవాళ్లకు కనిపిస్తోందా?

జానెడున్నర పొడవు. చిటికెన వేలికన్నా సన్నం. ఆకులన్నీ రాలిపోయాయి. కింది సగానికి కాగితంలాంటి గోధుమరంగు పొర అంటుకుని ఉంది. పైన ఎండిపోయిన పూలగుత్తి మొదలు మాత్రం మిగిలింది. పూత అయిపోయి ఆరు నెలలైంది. మీ కుండీలో ఇలాంటి కాడ ఉంటే ఏం చేస్తారు?

అవును. ఆ మూల నుంచి ఎవరో అమ్మ ఉన్నమాట చెప్పారు. కత్తిరించి చెత్తలో వేస్తాం. చాలామంది చేసేది అదే. నేనూ చేశాను. ఇవాళ నేను ఇక్కడికి వచ్చింది అసలు ఆ సంగతి చెప్పడానికే.

కొత్తవాళ్లు ఉన్నారు కాబట్టి ముందు మొక్క పరిచయం. ఎపిడెండ్రమ్ అంటే గ్రీకులో ‘చెట్టు మీద’ అని అర్థం. వెయ్యికి పైగా జాతులున్న పెద్ద సంతానం. అమెరికా ఖండాల్లోని వెచ్చని ప్రాంతాలు వాటి పుట్టినిల్లు. వీటిలో కొన్నింటికి కాడలు రెల్లులా సన్నగా, నిటారుగా, కణుపులు కణుపులుగా పెరుగుతాయి. అందుకే రీడ్ స్టెమ్ అన్నారు. కాట్లియా అనే ఆర్కిడ్‌కు ఉన్నట్టు అడుగున నీళ్లు దాచుకునే లావుపాటి ఉబ్బు వీటికి ఉండదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, నీళ్ల దగ్గర మళ్లీ పనికొస్తుంది.

ఇబాగ్వెన్సె అనే జాతికి ఆ పేరు కొలంబియాలోని ఇబాగే పట్టణం వల్ల వచ్చింది. 1816లో కుంత్ అనే వృక్షశాస్త్రవేత్త దాన్ని వర్ణించాడు. దానికి కవలపిల్లలా ఉండేది రాడికన్స్. పూలు చూసి రెంటినీ పోల్చుకోవడం కష్టం. కాడ చూడండి. రాడికన్స్‌కు కాడ పొడవునా వేర్లు దిగుతాయి, ఇబాగ్వెన్సెకు మొదట్లోనే వస్తాయి. పువ్వు పెదవి సిలువ ఆకారంలో ఉంటుంది కాబట్టి వీటిని క్రుసిఫిక్స్ ఆర్కిడ్ అని కూడా అంటారు. 1888లో ఇంగ్లండ్‌లోని వీచ్ నర్సరీ వాళ్లు రాడికన్స్‌ను ఇంకో జాతితో కలిపి ఒబ్రియెనియానమ్ అనే సంకరాన్ని లోకానికి చూపించారు. ఆ తర్వాత ఎన్ని రంగులు వచ్చాయో లెక్కలేదు. ఇళ్లలో పెరుగుతున్న వాటిలో ఎక్కువ భాగం సంకరాలే. మీ మొక్క పేరు తెలియలేదని బాధపడకండి, పెంపకం అన్నింటికీ ఒకటే.

మధ్య అమెరికాలో రాడికన్స్ రోడ్ల పక్క గట్ల మీద కలుపు మొక్కలా పెరుగుతుంది. పక్కనే లాంటానా, ఇంకొంచెం దూరంలో ఆస్క్లెపియాస్ అనే పూలమొక్కలు. మూడింటికీ అవే రంగులు, నారింజ, ఎరుపు, పసుపు. ఆ రెండింటిలో తేనె ఉంటుంది, మన ఆర్కిడ్‌లో ఉండదు. రంగు చూసి పొరబడిన సీతాకోకచిలుకలు దీని మీదా వాలి పుప్పొడి మోస్తాయని కొందరు శాస్త్రవేత్తలు ఊహించారు. తర్వాత పరీక్షించి చూసినవాళ్లకు దానికి గట్టి ఆధారం దొరకలేదు. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఆ గట్టును ఒకసారి మనసులో ఊహించుకోండి. మీద నీడ లేదు. నేల రాళ్లమయం. వాన పడితే నీళ్లు క్షణంలో జారిపోతాయి. ఈ మొక్కకు ఏం కావాలో ఆ గట్టే చెబుతోంది.

మనమేమో ఆర్కిడ్ అనే పేరు వినగానే తీసుకెళ్లి నీడలో పెడతాం. ‘ఏపుగా పెరిగింది, ఆకులు నిగనిగలాడుతున్నాయి, మూడేళ్లయినా ఒక్క పువ్వు లేదు’ అని నన్ను అడిగినవాళ్లు ఎందరో. ఆ నిగనిగే జబ్బు. ఆకు ముదురు పచ్చగా ఉందంటే దానికి వెలుతురు చాలడం లేదని అర్థం. లేతపచ్చలో కాస్త పసుపు కలిసి, అంచుల్లో ఎరుపు తిరిగితే సరైన చోట ఉన్నట్టు. రోజుకు నాలుగైదు గంటల నేరుటెండ పడనివ్వండి. అయితే నీడలో పెరిగినదాన్ని ఒక్కరోజులో ఎండలోకి తోయకండి, ఆకులు కాలి మచ్చలు పడతాయి. రెండు వారాల పాటు కొద్దికొద్దిగా అలవాటు చేయాలి. మిట్టమధ్యాహ్నం ఆకు పట్టుకుని చూడండి. వేడిగా తగిలితే కొంచెం పక్కకు జరపండి. మంచు గడ్డకట్టే చలి మాత్రం దీనికి పడదు.

సరే, మిశ్రమం. మా అత్తయ్య సంగతి చెబితే మిశ్రమం సంగతి అందులోనే వచ్చేస్తుంది.

మా అత్తయ్య దగ్గర ఒక ఎపిడెండ్రమ్ ఉండేది, నారింజ పూలది. నాకు తెలిసిన దగ్గర్నుంచీ అదే మట్టికుండీ, అదే గోడ పక్కన. కాడలు అటూ ఇటూ వాలి, వేర్లు బయటకు వేలాడుతూ, చూడ్డానికి చిందరవందరగా ఉండేది. కానీ పువ్వు లేని నెల నాకు గుర్తులేదు. గుత్తి పైన మొగ్గలు ఒకదాని తర్వాత ఒకటి విచ్చుకుంటూ పోయేవి. కింది పూలు రాలుతున్నా తొడిమ ఇంకా పొడవు సాగుతూనే ఉండేది. మీరు కూడా కింది పూలు రాలాయని గుత్తి కోసేయకండి. అత్తయ్య ఆరోగ్యం పాడై ఇల్లు మారాల్సి వచ్చినప్పుడు ఆ కుండీ నా చేతికిచ్చి, ‘జాగ్రత్తరా, అది నా తోడు’ అంది.

నేను జాగ్రత్త చేశాను. నా జాగ్రత్తే దాన్ని చంపింది.

పాత కుండీ బాగోలేదని అందమైన పింగాణీ కుండీ కొన్నాను. దానికి అడుగున చిల్లు లేదు. అమ్మినాయన ‘గులకరాళ్లు వేస్తే చాలు’ అన్నాడు, నమ్మాను. తోటమట్టిలో ఎరువు కలిపి నింపాను. కాడలు వాలిపోతున్నాయని, గట్టిగా నిలబడాలని, మొదలును నాలుగు వేళ్ల లోతున పాతాను. రోజూ నీళ్లు పోశాను. మూడు వారాలకు కింది ఆకులు పసుపెక్కాయి. వేలితో మొదలు నొక్కితే మెత్తగా దిగబడింది, నల్లటి నీరు కారింది. పీకి చూస్తే వేర్ల పైపొర తొడుగులా ఊడివచ్చి లోపల దారం మాత్రం మిగిలింది. ఆ వాసన ఇప్పటికీ గుర్తుంది.

కారణం తర్వాత తెలిసింది. ఆర్కిడ్ వేరు పైన వెలామెన్ అనే స్పాంజిలాంటి తెల్లటి పొర ఉంటుంది. తడి తగలగానే పీల్చుకుంటుంది, అప్పుడు వేరు పచ్చగా మారుతుంది. ఆరగానే మళ్లీ వెండిలా తెల్లబడుతుంది. తడి, గాలి, తడి, గాలి, అదే దాని ఊపిరి. ఆ గట్టు మీద మట్టి ఉన్నా వాలు వల్ల నీళ్లు నిలవవు. అదే మట్టి కుండీలో పోస్తే అణిగి గడ్డకడుతుంది, గాలి ఆడదు, వేరు కుళ్లుతుంది.

అందుకని, రాసుకునేవాళ్లు రాసుకోండి: అంగుళంలో సగం సైజు బెరడు ముక్కలు గానీ కొబ్బరి డొక్క ముక్కలు గానీ మూడు పాళ్లు, కట్టెబొగ్గు ఒక పాలు, పెర్లైట్ అనే తేలికపాటి తెల్లటి గుళికలు లేదా సన్న కంకర ఒక పాలు. కొబ్బరి ముక్కల్లో ఉప్పు ఉంటుంది. రాత్రంతా నానబెట్టి నీళ్లు పారబోయాలి, అలా రెండు మూడుసార్లు చేయాలి. కుండీ బరువైనది తీసుకోండి, కాడలు పెరిగేకొద్దీ తేలికపాటి ప్లాస్టిక్ కుండీ తలకిందులవుతుంది. వేర్లకు సరిపడా సైజు చాలు, మరీ పెద్దది వద్దు. అడుగున చిల్లులు ఉండి తీరాలి. మొదలు మిశ్రమం పైకి కనిపిస్తూ ఉండాలి. నిలబడకపోతే కర్ర పాతి మెత్తటి దారంతో కట్టండి, లోతుగా మాత్రం పాతకండి. దయచేసి పాతకండి. కొత్త చిగురు మొదట్లో వేర్లు మొలుస్తున్నప్పుడు కుండీ మారిస్తే త్వరగా కుదురుకుంటుంది. రెండేళ్లకోసారి చాలు.

నీళ్ల సంగతి అన్నాను కదా. ఉబ్బు లేదు కాబట్టి దాచుకున్న నీళ్లు తక్కువ. రోజుల తరబడి పూర్తిగా ఎండబెట్టే పద్ధతి దీనికి నప్పదు. వేర్లు వెండిరంగుకు మారగానే, కింది నుంచి కారేదాకా పోయండి. ఎరువు పొట్లం మీద రాసినదాంట్లో పావు వంతు మోతాదు, వారానికోసారి. నెలకోసారి ఉత్త నీళ్లతో బాగా కడిగేయండి, లేకపోతే లవణాలు పేరుకుని వేరు కొసలు మాడతాయి.

మళ్లీ ఆ కథకు వస్తాను. మొక్క చచ్చిపోయిన సంగతి అత్తయ్యకు చెప్పలేదు. ఫోన్ చేసినప్పుడల్లా ‘పూసిందా?’ అని అడిగేది. ‘మొగ్గలున్నాయి’ అనేవాణ్ణి. ఆ ఏడాదే ఆవిడ వెళ్లిపోయింది. ఆ అబద్ధం నా దగ్గరే ఉండిపోయింది.

కొన్ని నెలల తర్వాత కుండీల కింద పెట్టడానికి ఇటుకలు కావాల్సి వచ్చి పెరటి గోడ వెనక్కి వెళ్లాను. విరిగిన ఇటుకల కుప్ప మీద రెండు చిన్న ఆకులు కనిపించాయి. వంగి చూశాను. కుండీ మార్చిన రోజు, నీట్‌గా కనిపించాలని నేను కత్తిరించి గోడవతలికి విసిరేసిన పాత కాడ అది. ఇదిగో, అచ్చం ఇలాంటిదే. కాడంతా ముడతలు పడింది. కానీ ఒక కణుపు దగ్గర వేలెడంత పిల్ల మొక్క లేచింది. నాలుగు ఆకులు, మూడు తెల్లటి వేర్లు, కొసలు లేత ఆకుపచ్చ. ఒక వేరు ఇటుక గరుకును పట్టుకుని ఎంత గట్టిగా అతుక్కుందంటే, ఇటుకతో సహా లోపలికి తెచ్చుకున్నాను. ఎవరూ నీళ్లు పోయలేదు, ఎరువు వేయలేదు. మంచు, వాన, ఎండ, ఆ ఇటుక. అంతే.

రెండో ఏడు పూసింది. అదే నారింజ రంగు.

సమయం అయిపోతోందని సైగ చేస్తున్నారు. ఐదు నిమిషాలు ఇవ్వండి, ముఖ్యమైనది ఇప్పుడే చెప్పబోతున్నాను.

కాడ మీద మొలిచే పిల్ల మొక్కను కేకీ అంటారు. హవాయి భాషలో బిడ్డ అని. ఎపిడెండ్రమ్ బిడ్డల్ని ఇవ్వడంలో ఎంత ఉదారమో చెప్పలేను. అది ఎంత గొప్ప సంగతో తెలియాలంటే విత్తనాల వైపు చూడండి. ఆర్కిడ్ విత్తనం దుమ్ములా ఉంటుంది, మొలకకు సరిపడా ఆహారం అందులో ఉండదు. మొలవాలంటే ఒక రకం బూజు తోడు కావాలని 1899లో ఫ్రాన్స్‌లో నోయెల్ బెర్నార్ కనుక్కున్నాడు. 1922లో అమెరికాలో లూయిస్ నడ్సన్ చక్కెర కలిపిన జెల్లీ మీద బూజు లేకుండానే మొలిపించి చూపాడు. అంటే మనం ఒక విత్తనం మొలిపించాలంటే ల్యాబ్ కావాలి, గాజుసీసా కావాలి. మన మొక్క మాత్రం ఎండిపోయిందనుకున్న కాడ మీద, తన పూల రంగే పూసే బిడ్డను ఊరికే ఇస్తోంది. దాన్ని మనం చెత్తలో వేస్తున్నాం. అందుకే నాకు బాధ.

కాడను మొక్క మీదే ఉంచగలిగితే ఉంచండి. కోయాల్సి వస్తే బ్లేడును ముందు మంటలో కాల్చండి, ఒక మొక్క వైరస్ ఇంకోదానికి బ్లేడు వల్ల అంటుకోవచ్చు. రెండు మూడు కణుపులకో ముక్క కోసి, తడిపి పిండిన స్ఫాగ్నమ్ నాచు మీద పడుకోబెట్టండి, పాతకండి. వెలుతురున్న నీడలో పెట్టండి. నెలలు పట్టవచ్చు. కేకీ వేర్లు రెండంగుళాలు దాటాక వేరుచేసి చిన్న కుండీలో పెట్టండి. తొందరపడి వేర్లు రాకముందే తెంపితే అది బతకడం కష్టం. మొగ్గల మీద పేనుబంక, ఆకు మొదట్లో పిండినల్లి చేరుతాయి. నీళ్ల ధారతో కడిగి, వేలితో తుడిస్తే చాలావరకు పోతాయి.

ఇక ఈ బల్ల మీదున్న ట్రేలో ఇరవై రెండు పిల్ల మొక్కలున్నాయి. అన్నీ ఆ ఇటుక మీది మొక్క సంతానమే. ముందు వరస నుంచి ఒక్కొక్కరూ వచ్చి తీసుకోండి. వేర్లు తడి గుడ్డలో చుట్టి ఉన్నాయి, ఇంటికెళ్లేదాకా విప్పకండి. మొదటి వారం నేరుటెండ వద్దు. మొదలు పైకి కనిపించాలి, మరచిపోకండి. ఎవరికైనా అందకపోతే పేరు రాసి ఇవ్వండి, వచ్చే సభకు తెస్తాను.

ఈ కాడ కూడా ఎవరికైనా కావాలా? ఇందాక చెత్తలో వేస్తామన్న అమ్మా, మీరే రండి. కళ్లజోడు పెట్టుకుని చూడండి, కింది నుంచి మూడో కణుపు. పొర కింద ఆవగింజంత ఉబ్బు, పచ్చగా. కనిపించిందా?