ఆదివారం పొద్దున పందెం పెట్టుకోవడం ఆపుదాం
(అనంతపురంలో రన్నింగ్ క్లబ్ సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. పరుగు ముగించుకుని చెమట ఆరకముందే వచ్చి కూర్చున్నారు కాబట్టి నేరుగా విషయంలోకి వస్తాను. మన క్లబ్బులో చాలామందికి టైమింగ్ ఎక్కడిదక్కడే ఆగిపోయింది. పది కిలోమీటర్లు గంటలోపు పూర్తి చేసినవాళ్లు 55 నిమిషాల దగ్గర ఇరుక్కున్నారు. హాఫ్ మారథాన్, అంటే 21 కిలోమీటర్లు, రెండు గంటలకు ఒకటి రెండు నిమిషాలు అటే ఉంటోంది తప్ప ఇటు రావడం లేదు. కష్టపడటం లేదా అంటే అదీ కాదు, ఉద్యోగాలు, షాపులు, పిల్లల స్కూళ్లు అన్నీ చూసుకుంటూనే చీకటితో లేచి వస్తున్నారు. మరి టైమ్ ఎందుకు తగ్గడం లేదంటే, నా లెక్కలో కారణం ఒకటే: మనం ప్రతిరోజూ అవసరానికి మించిన వేగంతో పరిగెత్తుతున్నాం.

ముసలమ్మ కట్ట వైపు వెళ్లే మన ఆదివారం రన్ ఒకసారి గుర్తు తెచ్చుకోండి. బయల్దేరేటప్పుడు "ఈరోజు ఈజీనే అన్నా" అని అందరం అంటాం. మొదట్లో నిజంగానే కబుర్లతో సాగిపోతాం. మూడో కిలోమీటరు దగ్గర ఎవరో ఒకరు అర అడుగు ముందుకు జరుగుతారు, కావాలని కాదు, కాళ్లు వేడెక్కాయి అంతే. పక్కనున్నాయన ఆ భుజానికి సమంగా వస్తాడు. అక్కడ మాటలు ఆగిపోతాయి. ఇక బూట్ల చప్పుడు, ఊపిరి చప్పుడు తప్ప ఇంకేమీ వినిపించదు. వెనకాల కొత్తగా చేరిన తమ్ముళ్లు, అక్కలు మనల్ని వదిలిపెట్టకూడదని పళ్లు బిగించి వస్తుంటారు. చివర్లో వాచీ చూసుకుని సగటున కిలోమీటరుకు 5:50, అంటే 5 నిమిషాల 50 సెకన్లు వచ్చిందని సంతోషపడతాం.

ఆ 5:50 సంగతి కొంచెం లెక్క చూద్దాం. పది కిలోమీటర్లు 55 నిమిషాలంటే కిలోమీటరుకు 5:30. అదే మనిషి బాగా తయారై 42 కిలోమీటర్ల ఫుల్ మారథాన్‌కు దిగితే కిలోమీటరుకు ఆరు నిమిషాల చుట్టుపక్కల పడుతుంది. అంటే మనం ఈజీ అని పేరు పెట్టుకుని మారథాన్ పందెం కంటే వేగంగా పోతున్నాం, అదీ వారానికి మూడు నాలుగు సార్లు. దానివల్ల అలసట మాత్రం పూర్తిగా మిగులుతుంది. బుధవారం నిజంగా వేగంగా కొట్టాల్సిన రోజుకి కాళ్లు రాళ్లలా ఉంటాయి, 5:10కి రావాల్సిన కిలోమీటరు 5:30కి వస్తుంది. అలా నెమ్మదిగా ఉండాల్సిన రోజు వేగం ఎక్కువై, వేగంగా ఉండాల్సిన రోజు తక్కువై, వారమంతా ఒకే పేస్‌లో, అంటే కిలోమీటరుకు ఒకే టైమ్‌లో గడిచిపోతుంది.

ఆ టైమింగ్ ఉన్నవాళ్లకు ఈజీ అంటే కిలోమీటరుకు ఆరున్నర నుంచి ఏడుంపావు నిమిషాలు. మీలో కొందరి మొహాలు చూస్తే తెలుస్తోంది, ఇది నడకలాగా ఉంటుందనుకుంటున్నారు. ఉండనివ్వండి. నార్వేలో పనిచేసే స్టీఫెన్ సైలర్ అనే పరిశోధకుడు దూరపు పోటీల్లో ప్రపంచ స్థాయి క్రీడాకారుల ట్రైనింగ్ పరిశీలించి చూస్తే, వాళ్ల సెషన్లలో సుమారు 80 శాతం ఇలా తేలికగా చేసేవే. రోజుకు రెండుసార్లు పరిగెత్తి, మధ్యాహ్నం నిద్రపోయి, ఇంకే పనీ లేనివాళ్లే అన్ని రోజులు నెమ్మదిగా పోతుంటే, ఎనిమిది గంటల డ్యూటీ చేసుకునే మనం రోజూ గుండె దడదడలాడేలా పరిగెత్తడంలో అర్థం లేదు.

రన్నింగ్ కోచ్ ఆర్థర్ లిడియార్డ్ గురించి చెప్పాలి, ఎందుకంటే ఆయన కథ మనలాంటి క్లబ్బు కథ. న్యూజిలాండ్‌లో ఆక్లండ్ నగరం, బూట్ల ఫ్యాక్టరీలో ఉద్యోగం, పెద్ద డిగ్రీలేమీ లేవు. ఏ ట్రైనింగ్ పనిచేస్తుందో తన ఒంటి మీదే ఏళ్ల తరబడి పరీక్షించుకుని, తర్వాత తన చుట్టుపక్కల కుర్రాళ్లకు నేర్పాడు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో ఆ కుర్రాళ్లలో పీటర్ స్నెల్ 800 మీటర్ల బంగారు పతకం, మర్రే హాల్‌బర్గ్ 5000 మీటర్ల బంగారు పతకం ఒకే రోజు సాయంత్రం కొట్టారు. మారథాన్‌లో బ్యారీ మాగీ కాంస్యం తెచ్చాడు. హాల్‌బర్గ్‌కు రగ్బీ ఆటలో దెబ్బ తగిలి ఎడమ చెయ్యి సరిగా పనిచేసేది కాదు, అది కూడా గుర్తుపెట్టుకోండి. నాకు అన్నిటికంటే ఆశ్చర్యం స్నెల్ విషయం. ట్రాక్ మీద రెండు రౌండ్ల పందెం అతనిది, రెండు నిమిషాలు కూడా పట్టదు. అలాంటివాడితో లిడియార్డ్ కొండదారుల్లో 22 మైళ్లు, అంటే 35 కిలోమీటర్లు లాంగ్ రన్ చేయించేవాడు. వాళ్ల వారానికి వంద మైళ్ల లెక్క మనకు వద్దు, దాన్ని చూసి ఎవరూ ఉత్సాహపడొద్దు. ఓపిక అనే పునాది ముందు, వేగం ఆ తర్వాత, ఈ వరస మాత్రం మనకూ అదే.

ఇదే లిడియార్డ్ తర్వాత ఆక్లండ్‌లో గుండె జబ్బు వచ్చినవాళ్లను, పెద్దవయసు వాళ్లను పోగేసి నెమ్మదిగా పరిగెత్తించడం మొదలుపెట్టాడు. 1962 చివర్లో అమెరికా కోచ్ బిల్ బోవర్‌మన్ చూడటానికి వెళ్లి వాళ్లతో కలిసి పరిగెత్తితే, డెబ్బై దాటిన ఒక పెద్దాయన ఆయన్ని వెనక్కి వదిలేశాడు. ఆ పెద్దాయనకు అంతకుముందే గుండెపోటు కూడా వచ్చి ఉంది. బోవర్‌మన్ తిరిగి వెళ్లి అమెరికాలో జాగింగ్‌ను జనంలోకి తీసుకెళ్లాడు. మన క్లబ్బులో రిటైరైన సార్లు "ఈ వయసులో మాకేం వస్తుందిలే" అంటుంటారు కదా, వాళ్ల కోసం ఈ మాట.

నెమ్మదిగా పరిగెత్తితే లోపల ఏం జరుగుతుంది? గుండె ఒక్కో దెబ్బకు ఎక్కువ రక్తం పంపడం నేర్చుకుంటుంది. కండరాల్లో సన్నని రక్తనాళాలు పెరుగుతాయి, ఆక్సిజన్ వాడుకుని శక్తిని తయారుచేసే మైటోకాండ్రియా పెరుగుతుంది. కొవ్వును ఇంధనంగా వాడుకునే అలవాటు పెరుగుతుంది, దానివల్ల కండరాల్లో దాచుకున్న గ్లైకోజెన్ అనే చక్కెర నిల్వ త్వరగా ఖర్చు కాదు. ఫుల్ మారథాన్‌లో 30, 35 కిలోమీటర్ల మధ్య కాళ్లు ఒక్కసారిగా చచ్చుబడిపోయేది ఆ గ్లైకోజెన్ అయిపోవడం వల్లే. ఈ మార్పులకు టైమ్ కావాలి, వేగం అక్కర్లేదు.

ఇంకో సంగతి, ఇది కొత్తగా చేరినవాళ్లు బాగా వినాలి. ఊపిరి కొన్ని వారాల్లోనే మెరుగవుతుంది, ఆయాసం తగ్గుతుంది, దాంతో నేను రెడీ అయిపోయాను అనిపిస్తుంది. కానీ ఎముకలు, కండరాన్ని ఎముకకు పట్టి ఉంచే నరాల్లాంటి టెండాన్లు గట్టిపడటానికి నెలలు పడుతుంది. ఆ తేడా ఉన్న సమయంలోనే, సుమారు మూడు నాలుగు నెలలప్పుడు, ముంగాలి ఎముక వెంబడి నొప్పి, మడమ నొప్పి మొదలవుతాయి. వేలితో ముంగాలి ఎముక మీద నొక్కుతూ కిందికి రండి. నొప్పి పొడవునా ఉంటే పరుగు తగ్గించి చూడొచ్చు. ఒకే చోట, రూపాయి బిళ్లంత మేర సూది గుచ్చినట్టుంటే మాత్రం పరుగు ఆపి ఎముకల డాక్టర్ దగ్గరికి వెళ్లండి. అది ఎముకలో సన్నని చీలిక కావచ్చు. దాని మీద స్ప్రే కొట్టుకుని పరిగెత్తేవాళ్లను చూస్తే నాకు భయమేస్తుంది.

వేగం అసలు వద్దని కాదు. వారానికి ఒక రోజు, బాగా అలవాటైనవాళ్లకు రెండు రోజులు, గట్టిగా చేయండి. ఇరవై నిమిషాల టెంపో, అంటే పందెంలో గంటసేపు నిలబెట్టగలిగే వేగం. లేదా కిలోమీటరు చొప్పున నాలుగైదు ఇంటర్వెల్స్, అంటే ఆగి ఆగి వేగంగా కొట్టే ముక్కలు, మధ్యలో మూడు నిమిషాల జాగింగ్. మొదటిదీ చివరిదీ ఒకే టైమ్‌లో రావాలి, మొదటిది అదరగొట్టి చివరిది ఈడ్చుకుంటూ వస్తే ఆ రోజు వృథా. మిగతా రోజులన్నీ తేలికే. పక్కనున్నవాళ్లతో పూర్తి వాక్యం ఆయాసం లేకుండా చెప్పగలిగితే అది ఈజీ. వాచీ చూపించే హార్ట్ రేట్ జోన్లను మరీ నమ్మకండి. చాలా వాచీలు 220లోంచి వయసు తీసేసి, అదే మీ గుండె గరిష్ఠ వేగం అనుకుని ఆ జోన్లు కడతాయి, అది మనిషి మనిషికీ పదికి పైగా తేడా వచ్చే అంచనా.

మన ఊరి ఎండ గురించి చెప్పకుండా ఎలా? ఏప్రిల్, మే నెలల్లో పొద్దున అయిదింటికి కూడా గాలి వెచ్చగానే ఉంటుంది. ఎండకు ఒళ్లు అలవాటు పడటానికి పది నుంచి పద్నాలుగు రోజులు పడుతుంది, ఆ రోజుల్లో పేస్ గురించి ఆలోచించొద్దు. ఇక్కడిది పొడి గాలి, చెమట పట్టింది పట్టినట్టే ఆరిపోతుంది కాబట్టి ఎంత పోయిందో తెలియదు. ఇంటికెళ్లాక నల్ల టీషర్ట్ మీద తెల్లటి ఉప్పు చారలు చూడండి, అప్పుడు తెలుస్తుంది. అలాగని లీటర్ల కొద్దీ మంచినీళ్లు తాగేయడం కూడా ప్రమాదమే, రక్తంలో సోడియం పడిపోతుంది. దాహాన్ని బట్టి తాగండి, గంట దాటిన పరుగైతే ఓఆర్ఎస్ పెట్టుకోండి. ప్యాకెట్ లేకపోతే లీటరు నీళ్లలో ఆరు చిన్న చెంచాల చక్కెర, అదే చిన్న చెంచాతో అర చెంచా ఉప్పు, చెంచా అంచుకు సమంగా కొలిచి కలపండి.

ఆగస్టులో హైదరాబాద్ మారథాన్‌కు వెళ్లేవాళ్లకు మన జూన్, జులై గాలి ఒక పరీక్ష. రామగిరి కొండల మీద గాలిమరలు ఊరికే పెట్టలేదు. ఎదురుగాలిలో 6:30 కోసం కొట్లాడితే అది టెంపో అయిపోతుంది, అందుకే ఆ రోజుల్లో ఊపిరిని చూసి పోవాలి. హైదరాబాద్‌లో ఉక్కపోత వేరు, చెమట ఆరదు, పైగా ఫ్లైఓవర్లు. ఇక్కడి టైమ్ అక్కడ రాలేదని బాధపడొద్దు.

అక్కచెల్లెళ్లకు ఒక మాట. ట్రైనింగ్ సరిగానే ఉన్నా నెలల తరబడి అలసట వదలకపోతే హిమోగ్లోబిన్‌తో పాటు ఒంట్లో ఇనుము నిల్వ చెప్పే ఫెరిటిన్ కూడా టెస్ట్ చేయించుకోండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో 57 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. రక్తం తక్కువగా ఉంటే ఏ ప్లానూ పనిచేయదు. అన్నం తిన్న వెంటనే టీ తాగడం మానండి, ఇనుము ఒంటికి పట్టనివ్వదు. ఆకుకూర పప్పులో నిమ్మకాయ పిండుకుంటే బాగా పడుతుంది. బూట్ల మీద పదిహేను వేలు పెట్టేముందు ఈ టెస్ట్‌కు డబ్బులు పెట్టండి, మగవాళ్లూ చేయించుకోవచ్చు.

వచ్చే ఆదివారం నుంచి మూడు గ్రూపులుగా వెళ్దాం. ప్రతి గ్రూపుకూ ముందు ఒకరుంటారు, ఆ మనిషిని దాటి ఎవరూ వెళ్లకూడదు, ఆ మనిషి దారంతా మాట్లాడుతూనే ఉండాలి. వేగంగా పరిగెత్తే అన్నలు వంతులవారీగా చివరి గ్రూపుకు ముందుండాలి, ఇది నేను గట్టిగా అడుగుతున్నాను. చీకట్లో ఒంటరిగా రోడ్డు మీదికి రాలేని మహిళలకు పోలీస్ ట్రైనింగ్ కాలేజీ (పీటీసీ) గ్రౌండ్‌లోనే వేరే బ్యాచ్ పెడదాం, ఇద్దరు ముందుకొస్తే చాలు, ఇక్కడే పేర్లు రాయించండి. మొదటి నెల వాచీలో పేస్ కనిపించకుండా స్క్రీన్ మార్చేసుకోండి, టైమ్ కనిపిస్తే సరిపోతుంది. ఎలా మార్చాలో తెలియనివాళ్లు మీటింగ్ అయ్యాక వెనక కూర్చున్న మన ఇంజనీరింగ్ కుర్రాళ్లకు వాచీ ఇవ్వండి, వాళ్లు చేసిపెడతారు.