సైడ్‌బార్‌లో లాగిన్, రిజిస్టర్ లింకులు తీసేయాలంటే ఏ పద్ధతి మంచిది? | వర్డ్‌ప్రెస్ రివ్యూ

నమస్తే అండీ అందరికీ. ఈ రోజు తీసుకున్న విషయం చిన్నదే, కానీ వర్డ్‌ప్రెస్‌లో సొంత సైటు పెట్టుకున్న మనవాళ్ళ దగ్గర తరచూ కనిపిస్తోంది. సైడ్‌బార్‌లో 'మెటా' అని ఒక డబ్బా, అందులో రిజిస్టర్, లాగిన్, ఎంట్రీస్ ఫీడ్, కామెంట్స్ ఫీడ్, చివర వర్డ్‌ప్రెస్ డాట్ ఆర్గ్. వీటిని తీయడానికి ఉన్న దారులు వాడి చూశాను, ఏది పనికొస్తుందో ఏది పైపై పూతో చెప్తాను.

ఉంటే ఏమవుతుంది అంటారా? స్క్రీన్ మీద చూడండి. ఇక్కడే బెంగళూరులో, మారతహళ్ళి వైపు, ఇంట్లో పచ్చళ్ళు పెట్టి అమ్మే ఒక అక్క సైటు ఇది, ఆవిడని అడిగే చూపిస్తున్నాను. మాగాయ, గోంగూర, ఉసిరికాయ, ధరలు అన్నీ చక్కగా పెట్టింది, ఆర్డర్లు మాత్రం వాట్సాప్‌లోనే. ఫోన్‌లో తెరిస్తే సైడ్‌బార్ అంతా పేజీ అడుక్కి పోతుంది కదా, ధరలు చదువుకుంటూ కిందికొచ్చిన పెద్దావిడకి రిజిస్టర్ అని కనపడితే ఆర్డర్ ఇవ్వాలంటే ముందు ఇక్కడ పేరు రాయించుకోవాలి కాబోలు అనుకుంటారు. నొక్కుతారు, యూజర్‌నేమ్, ఈమెయిల్ అడుగుతుంది, ఇస్తారు, ఆ తర్వాత ఏం చెయ్యాలో తెలియక అక్కకి ఫోన్: "పాస్‌వర్డ్ ఏదో అడుగుతోందమ్మా, అరకిలో గోంగూరకి ఇదంతా కావాలా?" పాపం, అక్క పోపు వేసుకుంటూ ఆ ఫోన్లకి జవాబు చెప్పుకోవాలి. ఇంకోటి చూడండి, అడ్మిన్‌లో యూజర్స్ పేజీ. అర్థం పర్థం లేని అక్షరాలతో పేర్లు వరసగా, అన్నీ సబ్‌స్క్రైబర్లే, అంటే అన్నిటికన్నా తక్కువ హక్కులున్న ఖాతాలు. ఇవి మనుషులు చేసినవి కావు, బాట్‌లు, అంటే వాటంతటవే నడిచే ప్రోగ్రాములు, చేసినవి.

సరే, దారులు. చాలామంది ముందు పట్టుకునేది సీఎస్ఎస్, అంటే పేజీ ఎలా కనపడాలో చెప్పే కోడ్. అడిషనల్ సీఎస్ఎస్‌లో మెటా విడ్జెట్‌కి (సైడ్‌బార్‌లో పెట్టే ఇలాంటి డబ్బానే విడ్జెట్ అంటారు) డిస్‌ప్లే నన్ అని ఒక లైను రాస్తే డబ్బా మాయం. నేను దీన్ని అస్సలు సిఫారసు చేయను. పేజీ మీద రైట్ క్లిక్ కొట్టి సోర్స్ చూడండి, ఇదిగో, లాగిన్ లింకు ఎక్కడిదక్కడే ఉంది. గుమ్మానికి కర్టెన్ వేసి తాళం వేశాం అనుకున్నట్టు ఉంటుంది. పైగా రేపు థీమ్, అంటే సైటుకి రూపం ఇచ్చే డిజైన్, మారిస్తే ఆ సీఎస్ఎస్ కొత్త థీమ్‌కి వర్తించదు, లింకులు మళ్ళీ బయటికొస్తాయి.

నాకు నచ్చింది, అందరూ చేయాల్సింది, విడ్జెట్‌నే తీసేయడం. అపియరెన్స్, విడ్జెట్స్‌లోకి వెళ్ళండి. 2021 జులైలో వర్డ్‌ప్రెస్ 5.8 వెర్షన్ వచ్చాక ఈ పేజీ బ్లాకుల్లోకి మారింది కాబట్టి పాత వీడియోల్లో చూపించినట్టు ఉండదు, మెటా మీద నొక్కి, మూడు చుక్కల మెనూలోంచి తీసేయడమే. లాగిన్ లైను ఒక్కటే తీసి ఫీడ్ లింకులు ఉంచుకోవాలంటే ఆ విడ్జెట్‌లో అలాంటి ఆప్షన్ లేదు, టైటిల్ మార్చుకోవడం తప్ప. అందుకే మొత్తం తీసేసి, కావాల్సిన లింకు విడిగా పెట్టుకోండి. బ్లాక్ థీమ్ (పేజీ మొత్తం బ్లాకులతోనే కట్టే థీమ్) వాడేవాళ్ళకి విడ్జెట్స్ మెనూయే కనపడదు, వాళ్ళు సైట్ ఎడిటర్‌లో లాగిన్ బ్లాక్ ఉందేమో చూసుకోవాలి. విడ్జెట్లు వర్డ్‌ప్రెస్‌లో భాగమైంది 2007లో, అంతకు ముందునాటి అలవాటుతో రాసిన థీమ్‌లలో ఈ లింకులు సైడ్‌బార్ ఫైల్లోనే ఉంటాయి. అలాంటిది మీకు తగిలితే చైల్డ్ థీమ్ (అసలు థీమ్ మీద ఆధారపడి మన మార్పులు మాత్రం విడిగా ఉంచే థీమ్) చేసుకుని అందులో తీయండి, అసలు థీమ్ ఫైల్లో తీస్తే అప్‌డేట్ రాగానే తిరిగొస్తాయి.

ఇక్కడితో ఆగిపోకండి, అసలు సంగతి ఇప్పుడుంది. లింకు పోయినంత మాత్రాన రిజిస్ట్రేషన్ ఆగదు. బాట్‌లు మీ సైడ్‌బార్ చదివి రావట్లేదు, డబ్ల్యూపీ లాగిన్ పేజీ చిరునామా ప్రతి వర్డ్‌ప్రెస్ సైటుకీ ఒకటే, నేరుగా అక్కడికే వస్తాయి. సెట్టింగ్స్, జనరల్‌లో మెంబర్‌షిప్ దగ్గర 'ఎనీవన్ కెన్ రిజిస్టర్' అనే టిక్ తీసేయండి. అది తీస్తేనే ఆ తలుపు మూసుకుంటుంది. మీ అవసరం కోసం అది ఉంచాల్సి వస్తే కింద డిఫాల్ట్ రోల్ సబ్‌స్క్రైబర్ దగ్గరే ఉందో లేదో చూసుకోండి, అక్కడ అడ్మినిస్ట్రేటర్ అని ఉంటే కొత్తగా చేరిన ప్రతివాడూ మీ సైటుకి యజమానే, దయచేసి ఇది నిర్లక్ష్యం చేయకండి.

డబ్ల్యూపీఎస్ హైడ్ లాగిన్ అనే ప్లగిన్ (సైటుకి అదనంగా తగిలించుకునే ప్రోగ్రాం) గురించి కూడా అడుగుతుంటారు. అది లాగిన్ పేజీ చిరునామానే మారుస్తుంది, ఊరికే వచ్చిపడే బాట్‌ల తాకిడి తగ్గుతుంది, బాగానే పనిచేస్తుంది. కానీ కొత్త చిరునామా రాసిపెట్టుకోండి, మర్చిపోతే హోస్టింగ్‌లోకి వెళ్ళి ఆ ప్లగిన్ ఫోల్డర్ పేరు మార్చి ఆపాల్సి వస్తుంది, టెక్నికల్ పరిచయం లేనివాళ్ళకి అది పెద్ద టెన్షన్. అక్క సైటులో నేను అది పెట్టలేదు. గట్టి పాస్‌వర్డ్, టూ ఫ్యాక్టర్ (పాస్‌వర్డ్‌తో పాటు ఇంకో కోడ్ కూడా అడగడం), లాగిన్ ప్రయత్నాలకి లిమిట్ పెట్టాను, చిన్న సైటుకి నా ఓటు వీటికే.

అన్నీ అయ్యాక క్యాష్ (దాచిపెట్టిన పాత పేజీ కాపీలు) క్లియర్ చేసి, ఇన్‌కాగ్నిటో విండోలో సైటు తెరవండి. సైడ్‌బార్ చూశాక, లాగిన్ చిరునామా చివర ప్రశ్నార్థకం పెట్టి యాక్షన్ ఈక్వల్స్ రిజిస్టర్ అని కొట్టండి, అక్షరాలు స్క్రీన్ మీద ఇచ్చాను. రిజిస్ట్రేషన్‌కి ప్రస్తుతం అనుమతి లేదు అన్న మెసేజ్ వచ్చిందంటే పని పూర్తయినట్టే.