343 ఓట్ల టికెట్టు

శ్రోతలకు నమస్కారం.

ఎన్నికలు వచ్చాయంటే మన దగ్గర ముందుగా వినబడే మాట టికెట్టు. ఫలానా నియోజకవర్గం టికెట్టు ఎవరికి? ఎందరు ఆశపడుతున్నారు? బీ-ఫారం చివరికి ఎవరి చేతికి వచ్చింది? నామినేషన్ల గడువు ముగిసే రోజున ఒకే కండువా వేసుకున్న ఇద్దరు ఆ ఒక్క కాగితం కోసం ఎదురుచూడటం మనకు కొత్త కాదు. ఆ కాగితం ఎక్కణ్ణుంచి వస్తుందో కూడా మనకు తెలుసు. హైదరాబాదు నుంచి రావచ్చు, అమరావతి నుంచి రావచ్చు, ఢిల్లీ నుంచి రావచ్చు. ఓటరు దగ్గర్నుంచి మాత్రం రాదు.

ఆ టికెట్టు ఓటరే ఇస్తే? ఇస్తున్న చోటు ఒకటుంది. అక్కడ జరిగిన ఒక్క కథ మీకు చెబుతాను. అమెరికాలో కాన్సస్ రాష్ట్రం, 2018 ఆగస్టు నెల. గవర్నరు పదవికి రిపబ్లికన్ పార్టీ తరఫున ఎవరు నిలబడాలో తేల్చే ఎన్నిక. దీన్ని ప్రైమరీ అంటారు. అక్కడ ఓటర్ల జాబితాలో ఆ పార్టీ కింద పేరు నమోదైనవాళ్లే ఇందులో ఓటు వేస్తారు.

గవర్నరు అనగానే మనకు రాజ్‌భవన్ గుర్తుకొస్తుంది, రాష్ట్రపతి నియమించే పెద్దమనిషి గుర్తుకొస్తారు. అమెరికాలో అలా కాదు. అక్కడ గవర్నరంటే మన ముఖ్యమంత్రి అనుకోండి. పన్నులు, బడులు, రోడ్లు అన్నీ ఆ బల్ల మీదికే వస్తాయి.

కాన్సస్ అంటే గోధుమ పొలాలు, పశువుల మందలు, విచిటా నగరంలో విమానాల ఫ్యాక్టరీలు. మన తెలుగువాళ్లలో చాలామందికి ఆ రాష్ట్రం పేరు తెలిసింది మాత్రం ఒక కడుపుకోత వల్ల. 2017 ఫిబ్రవరిలో ఓలేథా అనే ఊళ్లో, హైదరాబాదు నుంచి వెళ్లిన మన ఇంజనీరును ఒకడు జాతి ద్వేషంతో కాల్చి చంపాడు. ఆ ఓలేథా జాన్సన్ కౌంటీలో ఉంది. కౌంటీ అంటే మన జిల్లా లాంటిది. జాన్సన్ కౌంటీ పేరు గుర్తుపెట్టుకోండి, మన కథలో మళ్లీ వస్తుంది.

అసలు కథకు ముందు విచిటాకు వెళ్లాలి. 1991 వేసవి. అబార్షన్లను వ్యతిరేకించేవాళ్లు వేలమంది ఆ ఊరికి వచ్చి ఆసుపత్రుల ముందు బైఠాయించారు. 46 రోజులు సాగింది. 2,600 పైచిలుకు అరెస్టులయ్యాయి. ఆఖర్న యూనివర్సిటీ స్టేడియంలో పెద్ద సభ పెడితే పాతిక వేలమంది వచ్చారంటారు. సభ ముగిసింది, జనం ఇళ్లకు వెళ్లారు. మనం చూసిన ఉద్యమాల్లో చాలా వరకు ఆ దశలోనే చల్లబడిపోతాయి.

వీళ్లు చల్లబడలేదు. ఆ మరుసటేడు ఏం చేశారో వినండి. అక్కడ పోలింగు బూతు పరిధి లాంటి చిన్న ప్రాంతాన్ని ప్రిసింక్ట్ అంటారు. ఒక్కో ప్రిసింక్ట్‌కు ఒక్కో పార్టీ తరఫున ఒక పురుషుడు, ఒక స్త్రీ కమిటీ సభ్యులుగా ఉంటారు. మన బూత్ కమిటీలో వేసినట్టు పైవాళ్లు వేయరు, వాళ్లనూ ఓటర్లే ప్రైమరీలో ఎన్నుకుంటారు. జీతం లేదు, కారు లేదు, ఎవరూ దండలు వేయరు. అందుకే ఆ కుర్చీలకు పోటీ ఉండదు. చాలా చోట్ల ఖాళీగానే ఉండేవి. 1992లో ఆ ఖాళీ కుర్చీల్లోకి వీళ్లు వచ్చారు. చర్చికి వెళ్లే గృహిణులు, ఫ్యాక్టరీ ఉద్యోగులు, చిన్న వ్యాపారస్తులు. కుర్చీ ఖాళీగా ఉంది, వచ్చి కూర్చున్నారు. అంతే. కొద్ది నెలల్లో విచిటా ప్రాంతపు రిపబ్లికన్ పార్టీ పాత పెద్దల చేతుల్లోంచి జారిపోయింది.

1994లో ఆ ఊపుతోనే బోయింగ్‌లో ఉద్యోగం చేసిన టాడ్ టియార్ట్, తొమ్మిది సార్లు కాంగ్రెస్‌కు, అంటే అమెరికా పార్లమెంటుకు, గెలిచిన డాన్ గ్లిక్‌మన్‌ను ఓడించారు.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ముందుకు పోలేను. ఆ అబార్షన్ గొడవ అంచుల్లో నెత్తురు కూడా ఉంది. 2009లో విచిటాలో డాక్టర్ జార్జ్ టిల్లర్‌ను చర్చిలోనే ఒక తీవ్రవాది కాల్చి చంపాడు. దానికి ఏ నమ్మకమూ సాకు కాదు. ఆ సంప్రదాయవాదుల కోరికలన్నీ నాకు సమ్మతమని కూడా నేను అనడం లేదు. ఖాళీ కుర్చీలోకి వచ్చి కూర్చున్న ఆ ఓపిక గురించే నేను మాట్లాడుతున్నది.

తర్వాతి చరిత్ర గబగబా చెప్పేస్తాను. సంప్రదాయవాదుల అభిమాన నాయకుడు శామ్ బ్రౌన్‌బ్యాక్ 2010లో గవర్నరుగా గెలిచారు. 2012లో ఆదాయపు పన్ను భారీగా తగ్గించారు. ఖజానాకు గండి పడింది. 2017లో ఆయన సొంత పార్టీ మెజారిటీ ఉన్న శాసనసభే, ఆయన వీటోను తోసిపుచ్చి పన్నులు మళ్లీ పెంచింది. 2018 జనవరి ఆఖర్న ఆయన రాయబారి పదవి తీసుకుని వెళ్లిపోతే, లెఫ్టినెంట్ గవర్నరుగా, అంటే గవర్నరు తర్వాతి స్థానంలో, ఉన్న జెఫ్ కాలియర్ ఆ కుర్చీలోకి వచ్చారు.

ఇప్పుడు 2018 ఆగస్టు. కాలియర్ గవర్నరుగా ఉన్న మనిషి. వృత్తి రీత్యా ప్లాస్టిక్ సర్జన్, యుద్ధ ప్రాంతాలకు వెళ్లి ఉచితంగా వైద్యం చేసిన డాక్టరు, మెత్తగా మాట్లాడతారు. ఎదుట క్రిస్ కోబాక్. వలసల విషయంలో కఠినంగా ఉండాలని దేశమంతా తిరిగి వాదించిన లాయరు. ఊరేగింపుల్లో జెండా రంగులు వేసిన జీపు మీద ఉత్తుత్తి మెషిన్ గన్ను బిగించుకుని తిరిగేవారు. పైగా ఆయన ఆ రాష్ట్రానికి సెక్రటరీ ఆఫ్ స్టేట్. అంటే ఎన్నికలు నిర్వహించే అధికారి. పోటీ చేసేదీ ఆయనే, పర్యవేక్షించేదీ ఆయన కార్యాలయమే! పోలింగుకు ముందు రోజు, ఆగస్టు 6న, అధ్యక్షుడు ట్రంప్ కోబాక్‌కు మద్దతు ప్రకటించారు.

ఆగస్టు 7న పోలింగు జరిగింది. రాత్రికి ఫలితం రావాలి. జాన్సన్ కౌంటీలో కొత్త యంత్రాలు పెట్టారు, అవి మొరాయించాయి. రాష్ట్రంలో అందరికంటే ఎక్కువ ఓట్లున్న కౌంటీల్లో అదొకటి. రాత్రంతా ఎదురుచూపులే. మర్నాడు పొద్దున లెక్క తేలితే, మూడు లక్షలకు పైగా పోలైన ఓట్లలో కోబాక్ ఆధిక్యం 191.

ఆ మర్నాడు ఇంకో వింత. థామస్ కౌంటీ అని, పడమటి వైపు పొలాల మధ్య చిన్న కౌంటీ. అక్కడ కాలియర్‌కు వచ్చినవి 522 ఓట్లు. రాష్ట్ర వెబ్‌సైటులో పడింది 422. ఎలా జరిగింది? తాను ఫ్యాక్సులో పంపిన కాగితం మీద చేతిరాత సరిగా కనిపించక అయిదును నాలుగుగా చదివి ఉండవచ్చని అక్కడి క్లర్కు చెప్పారు. ఒక్క అంకె. దాంతో ఆధిక్యం 91కి దిగింది. మూడు లక్షల ఓట్ల మీద 91.

కాలియర్ బహిరంగంగానే అడిగారు, మీ ఎన్నికను మీరే ఎలా లెక్కిస్తారని. కోబాక్ తప్పుకుని ఆ బాధ్యత తన కింది అధికారికి అప్పగించారు. ఇక అక్కణ్ణుంచి కౌంటీ కౌంటీకీ పరీక్ష. మొత్తం 105 కౌంటీలు. అధికారులు బల్ల చుట్టూ కూర్చుని, పక్కన పెట్టిన ఓట్లను ఒక్కొక్కటిగా తీస్తున్నారు. ఈ కవరు మీద సంతకం రికార్డులో సంతకంతో కలుస్తోందా? ఈ పోస్టు ముద్ర మీద తేదీ కనబడుతోందా? ఈ ఓటరు ఏ పార్టీ జాబితాలో ఉన్నాడు? జాన్సన్ కౌంటీలో సంతకాలు కలవలేదని ఎన్నో ఓట్లు కొట్టేశారు. వేసినవాళ్లు ఓటు వేశామనే అనుకుని ఉంటారు.

ఆగస్టు 14 సాయంత్రం కాలియర్ ఓటమి ఒప్పుకున్నారు. గొడవ పెంచలేదు, రీకౌంట్ అడగలేదు. చివరి లెక్కలో తేడా 343.

అదే ప్రైమరీలో ఒక హైస్కూలు కుర్రాడు కూడా నిలబడ్డాడు, పదిహేడేళ్లవాడు. అప్పటికి కాన్సస్‌లో గవర్నరుకు కనీస వయసు నిబంధన లేదు. ఆ కుర్రాడికి పడ్డ ఓట్లు రెండు వేల పైచిలుకు. గెలుపోటముల తేడా 343, కుర్రాడి ఓట్లు రెండు వేలు. ఈ కథలో నాకు అన్నిటికంటే ఇష్టమైన లెక్క ఇదే.

నవంబరులో ఏం జరిగింది? ప్రైమరీలో 41 శాతం లోపు ఓట్లతో టికెట్టు గెలిచిన కోబాక్, అసలు ఎన్నికలో డెమొక్రాట్ లారా కెల్లీ చేతిలో అయిదు శాతం తేడాతో ఓడిపోయారు. రిపబ్లికన్లకు కంచుకోట లాంటి రాష్ట్రంలో! ఆగస్టు ఎండల్లో పనిగట్టుకుని వచ్చే ఓటరు వేరు, నవంబరులో వచ్చే ఓటరు వేరు. టికెట్టు ఇచ్చేది ఆగస్టులో వచ్చినవాళ్లు. పట్టుదల ఉన్నవాళ్లు వస్తారు, మధ్యస్థంగా ఆలోచించేవాళ్లు ఇంట్లో ఉండిపోతారు. ప్రైమరీలో ఉన్న ప్రమాదం అదే. అయినా నన్నడిగితే, పై నుంచి వచ్చే బీ-ఫారం కంటే ఈ ప్రమాదమే మేలు. ఇంట్లో ఉండిపోయినవాడు వచ్చేసారి బయటికి రావచ్చు. బీ-ఫారం విషయంలో మన ఓటరుకు ఆ అవకాశమే లేదు కదా.

ఈ ప్రసంగం వింటున్నవాళ్లలో చాలామంది పిల్లలు అమెరికాలో ఉన్నారు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవాళ్లూ ఉన్నారు. గ్రీన్ కార్డు ఉంటే చాలదు, ఈ ఎన్నికల్లో పౌరులకే ఓటు. వాళ్లతో ఫోనులో మాట్లాడేటప్పుడు ఒక్క ప్రశ్న అడగండి: నీ పేరు ఓటర్ల జాబితాలో ఏ పార్టీ కింద ఉంది? చాలామందికి తెలియదు. నవంబరులో ఓటు వేస్తారు, ప్రైమరీ సంగతి పట్టించుకోరు.

రాష్ట్రానికో పద్ధతి. టెక్సస్‌లో పార్టీ నమోదే లేదు. మార్చిలో పోలింగు కేంద్రానికి వెళ్లి ఏ పార్టీ బ్యాలెట్ కావాలో అడగాలి. ఎవరికీ సగం దాటకపోతే అక్కడ రెండో విడత కూడా ఉంటుంది. కాన్సస్‌లో ఆ రెండో విడత లేదు, ఒక్క ఓటు ఎక్కువున్నా వాళ్లదే టికెట్టు. 2018లో అక్కడి నిబంధన ప్రకారం, ఏ పార్టీలోనూ నమోదు కాని ఓటరు ప్రైమరీ రోజే పార్టీ ఎంచుకోవచ్చు. ఒకసారి ఒక పార్టీలో నమోదైతే మాత్రం జూన్ 1 దాటాక, ఆ ప్రైమరీ ఫలితం ఖాయమయ్యేదాకా మారడానికి వీల్లేదు. అంటే ఆగస్టు ఎన్నికకు మే నెలలోనే చూసుకోవాలి. నిబంధనలు మారుతుంటాయి కాబట్టి ఎవరి రాష్ట్రపు ఎన్నికల వెబ్‌సైటులో వాళ్లు చూసుకోవడం మంచిది.

పోస్టులో ఓటు పంపేవాళ్లయితే, చివరి రోజు దాకా ఆగవద్దని చెప్పండి. కవరు మీద సంతకం తప్పనిసరి, అదీ ఓటరుగా నమోదైనప్పుడు చేసినట్టే చేయాలి. మనవాళ్లు కాలేజీ రోజుల్లో తెలుగులో సంతకం చేసి, ఉద్యోగంలో చేరాక ఇంగ్లీషులో రెండు గీతలు గీస్తుంటారు. ఏ సంతకంతో నమోదయ్యారో ఆ సంతకమే పెట్టమనండి.

నమస్కారం.