రంగుల్లేని డేగ పుస్తకం: ‘హాక్, ఐయామ్ యువర్ బ్రదర్’ రివ్యూ

అందరికీ నమస్తే. మన కథల్లోకి గద్ద వచ్చిందంటే కోడిపిల్లని తన్నుకుపోవడానికే. పాపం, దానికి ఇంకో వేషం ఇవ్వం. ఈరోజు పుస్తకంలో మాత్రం కథంతా ఒక డేగ చుట్టూనే తిరుగుతుంది.

‘హాక్, ఐయామ్ యువర్ బ్రదర్’. రాసింది బర్డ్ బేలర్, బొమ్మలు పీటర్ పార్నాల్. 1976లో వచ్చింది, మరుసటి ఏడాది కాల్డెకాట్ హానర్ అందుకుంది, అంటే అమెరికాలో పిల్లల పుస్తకాల బొమ్మలకిచ్చే గుర్తింపు. కథ అమెరికా నైరుతి ఎడారిలోది. రూడీ సోటో అనే కుర్రాడికి ఒకటే పిచ్చి, ఎగరాలి. డేగతో అన్నదమ్ముల బంధం కలుపుకుంటే ఆ విద్య కాస్తయినా అబ్బుతుందని, కొండ మీది గూట్లోంచి ఇంకా ఎగరడం రాని పిల్లని ఎత్తుకొచ్చేస్తాడు. అది బోనులో కూర్చుని అరుస్తూనే ఉంటుంది. తర్వాతేమైందో నేను చెప్పను.

ఇదిగో, ఈ పేజీ కెమెరాకి దగ్గరగా పెడుతున్నా. నల్ల ఇంకు గీతలు తప్ప ఏమీ లేవు. కొండ గీత ఎక్కడ ఆగింది, రెక్క ఎక్కడ మొదలైంది అన్నది వేలు పెట్టి వెతుక్కోవాలి. మిగతాదంతా తెల్ల కాగితం. ఆ ఎడారి ప్రాంతంలోనే, అరిజోనాలో ఫీనిక్స్, చాండ్లర్ వైపు ఉన్న మనవాళ్లకి ఇది వెంటనే ఎక్కుతుంది, ఊరు దాటితే అక్కడ నేల కంటే ఆకాశమే ఎక్కువ కదా! రంగుల్లేవని షాపులో పక్కన పెట్టేయకండి. నన్నడిగితే రంగులు వేసుంటే చెడిపోయేది.

ఈ పక్షి ఎర్రతోక డేగ. ఎడారిలో పెద్ద సగువారో జెముళ్ల మీద కూడా గూడు కడుతుంది. హాలీవుడ్ సినిమాల్లో ఈగిల్ కనిపించగానే గీరుగొంతుతో ఒక అరుపు వస్తుంది చూడండి, చాలాసార్లు ఆ గొంతు దీనిదే. తెర మీద ఈగిల్, డబ్బింగ్ మాత్రం డేగ!

ఒక్క విషయంలో జాగ్రత్త. చదివాక పిల్లలు ‘మనమూ ఒకటి తెచ్చుకుందాం’ అంటారు, గ్యారంటీ. అమెరికాలో 1972 నుంచి డేగలు వలస పక్షుల చట్టం కిందకి వచ్చాయి, లైసెన్సు లేకుండా పట్టడం నేరం. ఇండియాలో వన్యప్రాణి సంరక్షణ చట్టం కూడా 1972దే, ఇక్కడా గద్దపిల్లని పట్టి పెంచుకోకూడదు. పుస్తకంలో ఈ మాట ఎక్కడా రాదు, మీరే చెప్పుకోవాలి.

బోను దగ్గర కథ కాస్త సాగుతుంది. డేగ ఏం తింటుంది, ఎన్నాళ్లు బతుకుతుంది లాంటి వివరాలేమీ ఉండవు, అవి కావాలంటే వేరే పుస్తకం కొనుక్కోవాలి. నాలుగేళ్ల పిల్లలకి వద్దు, కూర్చోరు. ఆరేడేళ్లు దాటినవాళ్లకి, మీరు పక్కన కూర్చుని తెలుగులో చెబుతూ బొమ్మలు చూపిస్తే బావుంటుంది. ఇదే జంట 1975లో చేసిన ‘ది డెజర్ట్ ఈజ్ దేర్స్’ కూడా ఉంది. రెండూ కొనే బడ్జెట్ లేకపోతే ముందు ఈ డేగనే తీసుకోండి.